విమానం రెక్కల మీద రేడియోధార్మిక ధూళి

రేడియోధార్మికత అనే మాట వినగానే మనలో చాలామందికి గుండె గుభేలుమంటుంది. భయపడే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని పీజీలో మేము నేర్చుకున్నాం. అది ఏ మూలకం? ఎంత ఉంది? ఎన్నాళ్లుంటుంది? ఎత్తున ఎగిరే విమానాలకు అంటే ధూళితో ఈ మూడింటినీ తమ్ముళ్లకు వివరిస్తాం.

ప్రకృతి చేసేది: అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు పై వాతావరణంలోని నైట్రోజన్, ఆక్సిజన్ కేంద్రకాలను ఢీకొని ముక్కలు చేస్తాయి. అలా పుట్టే వాటిలో బెరీలియం-7 ఒకటి. అది సన్నని ధూళికణాలకు పట్టుకుంటుంది. గాలిని చీల్చుకుంటూ పోయే విమానం రెక్కల ముందంచులకు, ఇంజన్లకు ఆ కణాలు కొన్ని అంటుకుంటాయి. 1984లో నాసా పంపిన ఎల్.డి.ఇ.ఎఫ్. ఉపగ్రహాన్ని 1990లో కిందికి తెచ్చి చూస్తే, దాని ముందువైపు కూడా బెరీలియం-7 దొరికింది.

మనిషి చేసేది: 1949 ఆగస్టు 29న సోవియట్ యూనియన్ తన తొలి అణుబాంబును కజకస్థాన్‌లో రహస్యంగా పేల్చింది. సెప్టెంబరు 3న జపాన్ నుంచి అలాస్కా వెళ్లిన అమెరికా విమానంలోని వడపోత కాగితాలకు ధూళి పట్టింది. అందులో ఉన్నవి కేంద్రక విచ్ఛిత్తిలో పుట్టిన మూలకాలని ప్రయోగశాలలో తేలింది. సెప్టెంబరు 23న అధ్యక్షుడు ట్రూమన్ ఆ సంగతి లోకానికి చెప్పాడు. దాచిన రహస్యాన్ని ధూళి బయటపెట్టింది!

తర్వాతి ఏళ్లలో అమెరికా తన అణుపరీక్షల మేఘాల్లోకే విమానాలు పంపింది. తిరిగొచ్చిన వాటిని సబ్బునీళ్లతో కడిగించింది. పైలట్ల పేర్లు కొన్ని చరిత్రలో ఉన్నాయి. కడిగిన వాళ్లను తలచేదెవరు? ప్రమాదం వాళ్లకూ ఉంది.

లెక్క: బెరీలియం-7 అర్ధజీవితకాలం సుమారు 53 రోజులు. నేడు 100 పాళ్లుంటే 53 రోజులకు 50, 106 రోజులకు 25 మిగులుతాయి. బాంబు ధూళిలోని సీజియం-137 సగం కావడానికి 30 ఏళ్లు పడుతుంది. రెండూ రేడియోధార్మికాలే, కానీ రెండూ ఒకటి కావు.

బెరీలియం-7 వానతో మన హాస్టల్ డాబా మీదికీ దిగుతుంది. అది అతి స్వల్పం. మన తాతలు నాట్లు వేసింది ఆ వానలోనే. కాబట్టి మిత్రులారా, రేడియోధార్మికత ఉందని ఎవరైనా బెదిరిస్తే బెదరకండి, ఏమీ లేదని ఎవరైనా తోసిపుచ్చితే ఊరుకోకండి. మూడు ప్రశ్నలూ అడగండి.