కూర తరిగే చెక్క – బిడ్డల ఆరోగ్యం

ప్రొద్దుటూరైనా, జమ్మలమడుగైనా, పులివెందులైనా ఆదివారం చాలా ఇళ్లలో కోడికూరే. పచ్చిమాంసం కోసిన చెక్కను ఉత్త నీళ్లతో తొలిచి, దానిమీదే ఉల్లిపాయ కోస్తాము. కూర బాగా ఉడికితే సాల్మొనెల్లా క్రిములు చస్తాయి. పచ్చి ఉల్లిపాయకు అంటినవి బ్రతికే ఉంటాయి. అది తిన్న బిడ్డకు 6 గంటల నుండి 6 రోజుల లోపల విరేచనాలు, జ్వరం రావచ్చు.

చేయవలసినవి:

1. పచ్చిగా తినేవి ముందు, మాంసం చివర కోయండి.
2. చెక్కను, కత్తిపీటను, చేతులను వెంటనే సబ్బుతో రుద్ది కడగండి. చెక్కపై వేడినీళ్లు పోయండి.
3. చెక్కను నానబెట్టకండి, నిలబెట్టి ఎండలో ఆరబెట్టండి. దేవుడిచ్చిన ఎండకు మనకు కొదువ లేదు.
4. లోతు గాట్లలో క్రిములు దాగుతాయి. అటువంటి చెక్కను మార్చండి.

విరేచనాలు మొదలైతే వెంటనే ఓ.ఆర్.ఎస్. త్రాగించండి. రక్తం పడినా, బిడ్డ నీరసించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి.