కొట్టం కదిలింది!

మీ ఇల్లు ఉన్నచోట నుంచి లేచి వెళ్ళి మరోచోట కూర్చుంటుందా? నవ్వకండి! కట్టడాలను కదిలించే విద్య ఒకటుంది. అందులో మంత్రం లేదు, ఉన్నదంతా మీరు బడిలో చదివే భౌతికశాస్త్రమే.

వరంగల్ జిల్లాలోని ఒక పల్లెలో ఒక రైతుకు పెద్ద రేకుల కొట్టం ఉందనుకోండి. వడ్లు, పత్తి అందులోనే దాస్తాడు. కాని అది పల్లంలో ఉంది. గట్టి వాన కురిస్తే నీళ్ళు లోపలికి వస్తాయి, పంట తడుస్తుంది. యాభై మీటర్ల అవతల మెరక ఉంది. వానాకాలం రాకముందే కొట్టాన్ని అక్కడికి చేర్చాలి. ఎలా?

కొట్టం బరువు 3000 కిలోలు అనుకుందాం. ముందుగా స్తంభాల అడుగున ఉన్న బోల్టులు విప్పాలి. తరువాత ఒక్కొక్క మూలా ఎత్తాలి. మూలకు దాదాపు 750 కిలోల బరువు పడుతుంది. పొడుగాటి గడ్డపార తీసుకొని, ఆధారబిందువుకు ఇటు 160 సెంటీమీటర్లు, అటు 20 సెంటీమీటర్లు ఉండేలా పెడితే బలం 8 రెట్లవుతుంది. సుమారు 94 కిలోల బలం చాలు! ఇద్దరు మనుషులు నొక్కితే సరిపోతుంది. అయితే ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు. మనం 80 సెంటీమీటర్లు నొక్కితే మూల లేచేది 10 సెంటీమీటర్లే. లేచినంత మేరా కింద దుంగలు పేరుస్తూ పోవాలి. పెద్ద పనుల్లో గడ్డపారకు బదులు జాకీలు వాడతారు.

ఇక లాగడం. నేలమీద ఈడిస్తే ఘర్షణ వల్ల బరువులో సుమారు సగం, అంటే 1500 కిలోల బలం కావాలి. అదే పలకలు పరచి, వాటిమీద గుండ్రని దుంగలు వేసి దొర్లిస్తే 150 కిలోలు చాలవచ్చు. చక్రం చేసే మేలు ఇదే!

ఇంకో చిక్కుంది. లాగేటప్పుడు కొట్టం ఒక పక్కకు ఒరగవచ్చు. అందుకే స్తంభాల మధ్య ఏటవాలుగా వాసాలు కట్టాలి. నాలుగు వెదురు బద్దలతో చతురస్రం కట్టి మూల నొక్కండి, అది వంకరపోతుంది. మూడింటితో త్రిభుజం కట్టి నొక్కండి, కదలదు. ఏటవాలు వాసం చతురస్రాన్ని రెండు త్రిభుజాలుగా మారుస్తుంది.

మరి రాతి కట్టడమైతే? రాయి చాలా ఒత్తిడిని ఓర్చుకుంటుంది గాని, వంచితే పగులుతుంది. కనుక దాన్ని విప్పి, మళ్ళీ పేర్చాలి. నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోనున్న నాగార్జునకొండ ప్రాచీన కట్టడాలు కొన్నింటిని అలాగే విప్పి, కొండపైనా, అనుపులోనూ మళ్ళీ నిలబెట్టారు. కృష్ణా, తుంగభద్రల సంగమం వద్ద కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయం ముంపునకు గురయ్యేది. దాన్ని విప్పి, అలంపురంలో మళ్ళీ కట్టారు. ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలను 1964 నుంచి 1968 వరకు రాళ్ళుగా కోసి ఎత్తైన చోటికి మార్చారు.

అంత దూరం ఎందుకు? హనుమకొండలో రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడినే చూడండి. దాని కల్యాణ మండపం శిథిలమై ప్రమాదకరంగా మారగా, 2006లో విప్పారు. ఇది చోటు మార్చిన పని కాదు, ఉన్నచోటే మళ్ళీ నిలబెట్టిన పని. అయినా పద్ధతి ఒక్కటే. మండపం మళ్ళీ తెరుచుకున్నది 2024లో! విప్పడం కన్నా పేర్చడం ఎంత కష్టమో ఆలోచించండి. ఇలాంటి పనుల్లో విప్పకముందే ఫోటోలు, పటాలు తీసి, ప్రతి రాయికీ అంకె వేస్తారు. ఒక అంకె చెరిగితే ఒక రాయి దిక్కులేనిదవుతుంది. కొట్టం రేకులు విప్పే రైతుకూ ఈ పాఠమే వర్తిస్తుంది.

చేసి చూడండి: బరువైన పుస్తకాల కట్టకు రబ్బరు బ్యాండు తగిలించి బల్లమీద లాగండి. బ్యాండు ఎంత సాగిందో కొలవండి. ఇప్పుడు కట్ట కింద నాలుగు గుండ్రని పెన్సిళ్ళు పెట్టి మళ్ళీ లాగండి. తేడా మీకే తెలుస్తుంది.

ఒక్క హెచ్చరిక. ఎత్తిన కట్టడం కిందికి ఎవరూ దూరకూడదు. పెద్దలు పని చేస్తుంటే మీరు దూరంగా నిలబడి చూడండి, లెక్కలు మాత్రం మీరు వేయండి!