పని మానేటప్పుడు రాసే ఉత్తరం

అక్కల్లారా! పనిలో చేరేటప్పుడు అర్జీ రాస్తాం. మానేటప్పుడు నోటిమాటతో వచ్చేస్తాం. రేపు "చెప్పకుండా పోయింది" అంటే మన దగ్గర రుజువేదీ? అందుకే ఉత్తరం రాయాలి. దీన్నే రాజీనామా అంటారు.

కమలాపురం,
తేది: ..........

మేనేజరు గారికి,

అయ్యా,
నేను మీ బండల పాలిషు ఫ్యాక్టరీలో 6 ఏండ్లుగా పని చేస్తున్నాను. ఇంటి పరిస్థితుల వల్ల వచ్చే నెల 1వ తేది నుంచి పనికి రాలేను. దయచేసి నా రాజీనామా అంగీకరించి, నాకు రావలసిన జీతం, గ్రాట్యుటీ ఇప్పించగలరని కోరుతున్నాను. ఇన్నాళ్లు పని ఇచ్చినందుకు కృతజ్ఞతలు.

ఇట్లు,
(సంతకం)

కోపంతో నిందలు రాయొద్దు. ఇంకో ప్రతి మీద "అందినది" అని సంతకం, తేది వేయించుకుని దాచుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు.

10 మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలో 5 ఏండ్లు నిండితే, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ రావాలి. అది దయ కాదు, మన హక్కు.

మీ పేరుతో ఈ ఉత్తరం ఒకసారి రాసి చూడండి.