మీ క్లాసులోనే ఒక చిన్న పరిశోధన: ఎలా చేయాలి?

బి.ఇడి. చేసిన చాలామందికి యాక్షన్ రీసెర్చ్ రికార్డు గుర్తుండే ఉంటుంది. సీనియర్ల దగ్గర తెచ్చుకుని, స్కూలు పేరు మార్చి, రంగు పెన్నులతో మార్జిన్లు కొట్టి సంతకం పెట్టించుకున్నది. అట్ట మీద 'విద్యార్థుల ఆంగ్ల భాషా నైపుణ్యాల మెరుగుదల: ఒక అధ్యయనం' అని ఉంటుంది. ఏ నైపుణ్యం? ఎవరిది? దేనికంటే మెరుగు? అట్ట తిప్పినా లోపల జవాబు దొరకదు.

ఇక్కడ చెప్పేది నిజంగా చేయగలిగిన పరిశోధన. హైస్కూల్లో ఒక ఇంగ్లిష్ టీచరు, తొమ్మిదో తరగతి పిల్లలు ముప్ఫై మంది, ఒక ఫోను, కొన్ని తెల్లకాగితాలు, మూడు నెలల వ్యవధి ఉంటే చాలు. మాటలు గాలిలో పోకుండా ఒకే ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం: తెలుగు ఇళ్ళలో పెరిగిన పిల్లలు ఇంగ్లిష్‌లో ఎవరినైనా ఏదైనా అడగాల్సి వస్తే ఎలా అడుగుతారు?

ముందు ప్రశ్నను చిన్నది చేయండి

'గివ్ మీ లీవ్ సార్' అన్న కుర్రాడికి మర్యాద తెలియదనుకుంటే పొరపాటు. 'లీవు ఇవ్వండి సార్' అని తెలుగులో అన్నప్పుడు వాడి మర్యాద చాలావరకు క్రియ చివరి 'అండి'లో ఉంది. ఇంగ్లిష్ క్రియకు అలాంటి ప్రత్యయం లేదు. అక్కడ ఆ పని ప్రశ్న రూపం, కుడ్, వుడ్ లాంటి సహాయక క్రియలు చేయాలి. అది జరక్కపోతే మిగిలేది ఆజ్ఞ. వ్యాకరణంలో తప్పు లేదు కాబట్టి పరీక్షలో మార్కు పోదు, టీచరు కంటా పడదు.

జెన్నీ థామస్ అనే భాషాశాస్త్రవేత్త 1983లో రాసిన వ్యాసంలో దీని గురించే హెచ్చరించారు. వ్యాకరణం తప్పితే 'పాపం, భాష సరిగ్గా రాదు' అనుకుంటారు. సందర్భానికి తగ్గట్టు మాట్లాడకపోతే మాత్రం మనిషే పొగరుబోతు అనుకుంటారు. వ్యాకరణం బాగా వచ్చినవాడికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. భాష వచ్చినవాడు కదా, కావాలనే అలా అన్నాడనుకుంటారు.

పరిశోధన ప్రశ్నకు మూడు లక్షణాలుండాలి. జవాబు చెవికి వినబడాలి, లేదా కాగితం మీద కనబడాలి. దాన్ని లెక్కపెట్టగలగాలి. ఒక టర్ములో తేలాలి. 'పిల్లలకు ఇంగ్లిష్ అంటే భయం ఎందుకు?' అన్నది మంచి సందేహమే కానీ మొదటి పరిశోధనకు పనికిరాదు. 'మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇంగ్లిష్‌లో అడిగేటప్పుడు ఎన్నిసార్లు నేరుగా ఆజ్ఞ రూపం వాడతారు, పెద్దవాళ్ళను అడిగేటప్పుడు అది మారుతుందా?' అన్నది పనికొస్తుంది.

కొంచెం చదవండి, ఎక్కువ వద్దు

ఇదే పనిని ఇంతకుముందు ఎవరు ఎలా చేశారో తెలుసుకోవడానికే ఈ చదువు. రెండు వారాలు చాలు. భాష రావడమంటే వ్యాకరణం రావడమే కాదు, ఎవరితో ఎప్పుడు ఎలా మాట్లాడాలో తెలియడం కూడా అని డెల్ హైమ్స్ 1960ల చివర్లోనే వాదించారు. 1980ల్లో షోషానా బ్లమ్-కుల్కా బృందం హీబ్రూ, జర్మన్, ఫ్రెంచ్, ఇంగ్లిష్ వంటి భాషల్లో జనం ఎలా అడుగుతారో, క్షమాపణ ఎలా చెబుతారో ఒకే పద్ధతిలో సేకరించి పోల్చింది. వాళ్ళ లెక్కలో అర్జెంటీనా స్పానిష్ మాట్లాడేవాళ్ళు అందరికంటే సూటిగా అడిగారు, ఆస్ట్రేలియా ఇంగ్లిష్ వాళ్ళు అందరికంటే డొంకతిరుగుడుగా అడిగారు. అలాగని అర్జెంటీనా వాళ్ళు మర్యాద లేనివాళ్ళు కారు కదా. మన ప్రశ్నపత్రాన్ని ఆ బృందం నమూనాలోనే తయారుచేద్దాం. మన విశ్వవిద్యాలయాల పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలు 'శోధ్‌గంగ'లో ఉచితంగా దొరుకుతాయి. ఒకటి రెండు తిరగేయండి. పద్ధతి అధ్యాయం చదివితే చాలు, మిగతాది ఓపికను బట్టి.

మామూలు బడిలో ఏం పరిశోధన అని ఎవరైనా పెదవి విరిస్తే ఎన్.ఎస్. ప్రభు పేరు చెప్పండి. 1979 నుంచి 1984 వరకు ఆయన బృందం బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బడుల్లో వ్యాకరణ పాఠాలు పక్కనపెట్టి పనులు, లెక్కలు, మ్యాపుల ద్వారా ఇంగ్లిష్ నేర్పి చూసింది. ప్రపంచవ్యాప్తంగా టీచర్ల శిక్షణలో దాన్ని 'బెంగళూరు ప్రాజెక్టు' పేరుతో ఇప్పటికీ చదువుతున్నారు.

అనుమతులు

హెడ్మాస్టరు గారికి ఒక పేజీ ఉత్తరం రాసివ్వండి. తల్లిదండ్రులకు తెలుగులో చీటీ పంపండి. చదువురాని అమ్మకు అది చదివి వినిపించాలి. మార్కులకూ దీనికీ సంబంధం లేదని, వద్దనుకున్న పిల్లలు తప్పుకోవచ్చని అందులో ఉండాలి. రికార్డింగులు స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, ఎంత ముద్దొచ్చినా సరే. పేర్లకు బదులు వి1, వి2 అని నంబర్లు ఇవ్వండి.

సందర్భాలు రాయడంలోనే సగం పరిశోధన ఉంది

ఆరు సందర్భాలు కావాలి. అడిగే తీరును మూడు విషయాలు మారుస్తాయి: ఎదుటివాళ్ళు మనకంటే పెద్దవాళ్ళా, పరిచయస్తులా, అడిగేది ఎంత పెద్ద సాయం. పెనెలోప్ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్‌సన్ మర్యాద గురించి రాసిన పుస్తకం నుంచి వచ్చిన పట్టిక ఇది. రబ్బరు అడగడానికీ, తెలియని మనిషి ఫోను అడిగి ఇంటికి కాల్ చేసుకోవడానికీ బరువు ఒకటి కాదు. ఈ మూడూ అటూ ఇటూ మారేలా ఆరింటినీ పంచండి.

సందర్భంలో ఇంగ్లిష్ అవసరం నిజంగా ఉండాలి. 'మీ తమ్ముణ్ణి టీవీ సౌండు తగ్గించమని ఇంగ్లిష్‌లో అడగండి' అని రాస్తే పిల్లలు నవ్వుతారు, జవాబులు కూడా నాటకంలా వస్తాయి. సైన్స్ ఫెయిర్‌లో పక్క స్టాలు ఒడిశా కుర్రాడిది. కొత్తగా వచ్చిన సైన్సు మేడమ్‌ది కేరళ, ఆవిడకు తెలుగు రాదు. రైల్లో ఎదురు సీటు పెద్దాయన హిందీ, ఇంగ్లిష్ తప్ప మాట్లాడరు. ఇలాంటివి రాయండి.

సందర్భాన్ని తెలుగులోనే ఇవ్వండి, కానీ జవాబు అందులోనే దొరికేలా రాయకండి. 'మేడమ్‌ను పాఠం మళ్ళీ చెప్పమని మర్యాదగా అడగండి' అన్నారనుకోండి. 'మర్యాదగా' అనగానే పిల్లలంతా ప్లీజ్ తగిలిస్తారు, 'చెప్పమని' చూడగానే టెల్ అని మొదలుపెడతారు. దానికి బదులు: 'పాఠం సగం నీకు అర్థం కాలేదు. బెల్లు కొట్టారు. మేడమ్ పుస్తకాలు సర్దుకుంటున్నారు. దగ్గరికి వెళ్ళావు. ఏమంటావు?' ఏం కావాలో పిల్లలకు తెలిసింది, మాటలు మాత్రం వాళ్ళవే.

ఈ కాగితం ముందు ఇంగ్లిష్ జవాబుల కోసం ఇవ్వండి. వారం తర్వాత అవే సందర్భాలను, ఎదుటి మనిషిని మాత్రం తెలుగు వచ్చినవాళ్ళుగా మార్చి, తెలుగు జవాబుల కోసం ఇవ్వండి. ముందు తెలుగు రాయిస్తే తర్వాత దాన్నే అనువాదం చేస్తారు.

కాగితం చాలదు

రాసేది వేరు, నోటివెంట వచ్చేది వేరు. న్యూయార్క్‌లో 1962లో విలియం లబోవ్ చేసిన పని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. జనం 'ఆర్' శబ్దాన్ని పలుకుతారో లేదో ఆయనకు కావాలి. మూడు పెద్ద దుకాణాలకు వెళ్ళి, నాలుగో అంతస్తులో దొరికే సరుకు ఎక్కడుందని అడిగేవాడు. 'ఫోర్త్ ఫ్లోర్' అని జవాబు వచ్చేది. వినబడనట్టు మొహం పెడితే అదే మాట ఒత్తి మళ్ళీ చెప్పేవాళ్ళు. పక్కకు వెళ్ళి రాసుకునేవాడు. అలా 264 మంది దగ్గర సేకరించాడు. మనం గమనిస్తున్నామని తెలిస్తే జనం మామూలుగా మాట్లాడరు, కానీ మనకు కావలసింది వాళ్ళ మామూలు మాటే. ఈ చిక్కును కొంతవరకు తప్పించుకునే దారి లబోవ్ పద్ధతిలో ఉంది.

పిల్లల్ని దొంగతనంగా రికార్డు చేయమని కాదు దీనర్థం. ఆరింటిలో రెండు సందర్భాలను ఇద్దరిద్దరి చేత నటింపజేసి, అనుమతితో ఫోనులో రికార్డు చేయండి. మొదటి రోజు రికార్డింగులు పక్కన పెట్టేయండి, ఫోను మీద సిగ్గు పోవడానికి ఆ రోజు సరిపోతుంది. పది నిమిషాల ఆడియోను అక్షరం వదలకుండా రాయడానికి గంటకు పైనే పడుతుంది కాబట్టి ముప్ఫై మందినీ రికార్డు చేయాలనే ఉత్సాహం తగ్గించుకోండి. పది మంది చాలు.

ఎర్ర పెన్ను దాచేసి లెక్కపెట్టండి

ముప్ఫై మంది, ఆరు సందర్భాలు: చేతిలో 180 ఇంగ్లిష్ జవాబులు. వీటిని నాలుగు వరుసల్లో వేయండి. నేరుగా ఆజ్ఞ: 'గివ్ మీ యువర్ ఫోన్.' అవసరం చెప్పడం: 'ఐ వాంట్ లీవ్.' ప్రశ్నగా అడగడం: 'కెన్ ఐ యూజ్ యువర్ ఫోన్?' సూచనతో ఊరుకోవడం: 'సార్, ఐ హ్యావ్ ఫీవర్' అని నిలబడిపోవడం. ఇవి కాక విడిగా మూడు గడులు గీయండి: సంబోధన ఎన్నిసార్లు, ప్లీజ్ ఉందా, కారణం ముందు చెప్పారా తర్వాతా.

ఇలాంటి జవాబు ఒకటి రాకుండా ఉండదు: 'సార్, సార్, మై స్టమక్ పెయినింగ్ సార్, ఐ వాంట్ లీవ్ సార్.' చెయ్యి ఎర్ర పెన్ను మీదికి పోతుంది. ఆగండి. కడుపు నొప్పి వ్యాకరణం మీ ప్రశ్న కాదు. ఇక్కడ చూడాల్సినవి నాలుగు 'సార్'లు, ముందే వచ్చిన కారణం. క్రియలో పెట్టలేకపోయిన మర్యాదను ఆ పిల్ల సంబోధనలో పెట్టిందా? అది అనుమానం మాత్రమే. అదే పిల్ల తెలుగు కాగితం తీసి చూడండి. అక్కడ 'అండి' ఉండి, సార్ ఒక్కటే ఉంటే మీ అనుమానానికి బలం వచ్చింది. అక్కడా నాలుగుంటే అది ఆ పిల్ల అలవాటు.

ఇంకోటి కూడా తగులుతుంది: 'మేడమ్, వన్ టైమ్ టెల్ దిస్ లెసన్.' తెలుగులో 'ఒకసారి ఇలా రండి' అంటే లెక్క ఒకటి అని కాదు, మాటను మెత్తబరచడం. కేరళ మేడమ్‌కు మాత్రం అది లెక్కలాగే వినబడవచ్చు. తెలుగు పద్ధతి ఇంగ్లిష్‌లోకి దిగిన ఇలాంటి చోట్లకు ఇంకో గడి గీయండి. పరిశోధనలో నాకు అన్నిటికంటే ఇష్టమైన గడి ఇదే. ముందు అనుకున్న వరుసల్లో పట్టనివన్నీ ఇందులోకే వస్తాయి.

మీ వర్గీకరణ మీ ఒక్కరి అభిప్రాయం కాకూడదు. 30 జవాబులు తోటి టీచరుకిచ్చి, మీ గుర్తులు చూపించకుండా విడిగా వేయమనండి. 24 కలిస్తే 80 శాతం. కలవని ఆరింటి మీద ఇద్దరూ కూర్చుని వాదించుకుంటే నిర్వచనాలు పదునెక్కుతాయి. ఆ తర్వాత 180నీ మళ్ళీ మొదట్నుంచి వేయాలి. విసుగే, తప్పదు.

మరో పని కూడా చేస్తే ఫలితానికి విలువ పెరుగుతుంది. పేర్లు తీసేసి పన్నెండు జవాబులు ఎంచి, రోజూ జనంతో ఇంగ్లిష్‌లో మాట్లాడే నలుగురికి చూపించండి: బ్యాంకు మేనేజరు, డాక్టరు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే పూర్వవిద్యార్థి లాంటివాళ్ళు. 'మిమ్మల్ని ఇలా అడిగితే ఎలా అనిపిస్తుంది?' అని ఒకటి నుంచి అయిదు వరకు అంకె వేయమనండి. రేపు మన పిల్లలు మాట్లాడేది వీళ్ళతోనే కాబట్టి కొలబద్ద కోసం లండన్ దాకా పోనక్కర్లేదు.

నేర్పండి, మళ్ళీ కొలవండి

రెండు వారాల పాటు పీరియడ్ మొదట్లో పది నిమిషాలు కేటాయించండి. 'కుడ్ యు ప్లీజ్' వాక్యాల జాబితా బోర్డు మీద రాయకండి. రాస్తే పక్క బెంచీ నేస్తం రబ్బరు కూడా 'కుడ్ యు ప్లీజ్ కైండ్లీ' అనే అడుగుతారు. మొదలుపెట్టాల్సింది తెలుగు నుంచి. 'మీ ఫోను ఒకసారి ఇస్తారా?' అని పిల్లలు రోజూ అంటూనే ఉంటారు. అంటే ప్రశ్నగా అడిగే విద్య వాళ్ళకు వచ్చు. ఇంగ్లిష్‌లో దాన్ని ఎక్కడ, ఎంతవరకు వాడాలో తెలియడమే కావాలి. ఒకరు అడుగుతారు, ఇంకొకరు హెడ్మాస్టరు కుర్చీలో కూర్చుని వింటారు, సెలవు ఇచ్చేదీ లేనిదీ, ఎందుకో కూడా చెబుతారు. వినేవాడి కుర్చీలో కూర్చున్నప్పుడే చాలా సంగతులు తెలుస్తాయి.

తర్వాత మళ్ళీ ఆరు సందర్భాలు ఇవ్వండి. కొత్తవి, అదే బరువువి. వీలైతే బి సెక్షన్‌కు కూడా మొదటా చివరా ఇవే కాగితాలు ఇచ్చి, మధ్యలో మామూలు పాఠాలే చెప్పండి. మీ సెక్షన్‌లో ఆజ్ఞలు 110 నుంచి 70కి, బి సెక్షన్‌లో 105 నుంచి 95కి తగ్గాయనుకుందాం. 40 తగ్గిందంతా మీ ఘనత కాదు, పది వరకు ఊరికే తగ్గేది కూడా ఉందన్నమాట. అంతా ముగిశాక బి సెక్షన్ పిల్లలకూ ఆ పాఠాలు చెప్పడం న్యాయం.

నెల గడిచాక, చెప్పాపెట్టకుండా ఇంకోసారి కొలవండి. పాఠం అయిన మర్నాడు అందరికీ గుర్తుంటుంది. నిలిచిందో లేదో ఈ మూడో కొలతే చెబుతుంది. అంకె మళ్ళీ 100కి పోతే అదే రాయండి. అచ్చులో ఇలాంటి ఫలితాలు తక్కువగా కనబడతాయి కానీ తర్వాతి టీచరుకు ఎక్కువ ఉపయోగపడేవి అవే.

రాయడం

నాలుగు పేజీలు మించనివ్వకండి: ప్రశ్న, ఎవరి మీద, ఎలా, ఏం తేలింది. 'తెలుగు విద్యార్థులు' అని రాయాలనిపించిన ప్రతిచోటా 'మా బడిలో ఈ ముప్ఫై మంది' అని దిద్దండి. శాతాల పక్కన అసలు అంకెలు కూడా ఇవ్వండి, ఎందుకంటే ముప్ఫై మందిలో ఒక్కరు మారినా మూడు శాతం దాటుతుంది. సందర్భాల కాగితం, వర్గీకరణ నిర్వచనాలు, ఒక్కో వరుసకు రెండేసి అసలు జవాబులు చివర జతచేయండి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో చదివి, జిరాక్స్ కాపీలు పంచండి. పక్క మండలం టీచరు ఆ కాగితం పట్టుకుని మిమ్మల్ని ఒక్క మాట కూడా అడగకుండా తన తొమ్మిదో తరగతిలో ఇదే పని మళ్ళీ చేయగలగాలి.