వెదకువారికి దొరకు అంగడి

2022వ సంవత్సరమునుండి భీమవరము పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణము. ఆ జిల్లాలోనే, సముద్రమునకు సమీపమున, నరసాపురము కలదు. ఆ పట్టణమునందును చుట్టుపట్ల గ్రామములందును వేలకొలది స్త్రీలు చిన్న కొక్కెపు సూదితో నూలుదారమును అల్లి లేసు తయారుచేయుదురు. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు ఈ ప్రాంతపు స్త్రీలకు నేర్పిన పనితనమిది. బల్లగుడ్డలు, దిండుగలీబులు మొదలగునవి ఇక్కడినుండి విదేశములకు పోవుచున్నవి. మరియా మీస్ అను జర్మను సమాజశాస్త్రజ్ఞురాలు ఈ స్త్రీలనుగూర్చి వ్రాసిన గ్రంథము 1982లో వెలువడినది. అల్లువారికిని కొనువారికిని నడుమ దళారులు, వర్తకులు, ఎగుమతిదారులు ఎట్లు నిలిచియుండిరో ఆ గ్రంథమున కానవచ్చును.

నరసాపురపు లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. అది సరుకు పేరును కాపాడును గాని కొనువారిని పిలుచుకొని రాదు. దూరదేశమున బల్లగుడ్డ కొనదలచిన గృహిణి నరసాపురము పేరైనను వినియుండకపోవచ్చును. ఆమె తన ఫోనులో "చేతితో అల్లిన బల్లగుడ్డ" అని తన భాషలో వ్రాసి వెదకును. లెక్కలేనన్ని పేజీలలోనుండి కొలది పేర్లు మాత్రము ఆమె యెదుట నిలుచును. వానిలో నరసాపురపు అంగడి యుండునా, లేక అదే లేసును కొని తిరిగి అమ్ము మరియొకని దుకాణముండునా? వెదకువారికి కనబడునట్లు వెబ్‌పేజీని దిద్దుకొను పనిని ఎస్.ఇ.ఓ. అందురు. ఇంతటి లాభనష్టములు ఆ పనిలో నున్నవి.

వెదకిపెట్టు సాధనమునకు సెర్చి ఇంజను అని పేరు. మనము అడిగిన పిదప అది లోకమంతయు పరుగెత్తి చూచివచ్చుననుకొనుట పొరపాటు. అది ముందుగనే ఒక పేజీలోని లింకును పట్టుకొని మరియొక పేజీకి, అచ్చటినుండి ఇంకొకదానికి పోవుచు, చూచినదెల్ల చదివి, ఏ మాట ఏ పేజీలో నున్నదో ఒక పెద్ద పట్టికగా కూర్చుకొనియుండును. అడిగినప్పుడు తెరచునది ఈ పట్టికనే. అక్షరక్రమపు పట్టిక యొక్క బలము మన నిఘంటువులను చూచినవారికి తెలియును. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమువంటి పద్యనిఘంటువు కంఠస్థము చేసినవానికే అక్కరకు వచ్చెడిది. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరమున నైతే, అక్షరక్రమము తెలిసిన బాలుడు సైతము మాటను పట్టుకొనగలడు. అందు చేరని మాట మాత్రము ఎంత వెదకినను దొరకదు. సెర్చి ఇంజను చదువని పేజీ గతియు నట్టిదే.

ఒకే మాట వేయి పేజీలలో నున్నప్పుడు దేనిని ముందు చూపవలెను? 1998లో గూగుల్ సంస్థను స్థాపించిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదువుచున్నప్పుడు ఒక యుపాయము కనిపెట్టిరి. ఒక పేజీకి ఇతరులిచ్చిన లింకు సాక్ష్యమువంటిది. పదిమంది నమ్మిన సాక్షి మాటకు విలువ యెక్కువ. ఊరిలో అప్పు పుట్టుటయు ఇట్లే గదా! నేడు గూగుల్ మరి పెక్కు సంగతులను లెక్కించుచున్నను, ఈ సాక్ష్యమును విడువలేదు.

భీమవరమున లేసు అమ్ము వర్తకుడొకడు పేజీ తెరచెననుకొందము. క్రొత్తవారిలో పెక్కుమంది పేజీకి "స్వాగతము" అని శీర్షిక పెట్టి, సరుకు వివరములను రంగుల బొమ్మలోనే వ్రాయించి యూరకుందురు. స్వాగతమను మాటతో లేసును వెదకువాడెవడు? శీర్షికలో వస్తువు పేరును ఊరి పేరును ఉండవలెను. బొమ్మలోని సంగతిని విడిగా మాటలలోను వ్రాయవలెను. ఊరి పేరొక్కటియు చాలదు. తెలంగాణమున మెదక్ జిల్లాలో నొక నర్సాపూరు కలదు; ఇంగ్లీషు లిపిలో రెండింటిని ఒకే తీరున వ్రాయుట కద్దు. కనుక జిల్లాను రాష్ట్రమును చేర్చవలెను. ఆత్రేయపురపు పూతరేకుల చిక్కు వేరు. ఆ పేరును ఇంగ్లీషు అక్షరములలో ఒక్కొక్కరొక్కొక్క విధముగా వ్రాయుదురు. సెర్చి ఇంజను ఇట్టి భేదములను చాలవరకు గ్రహించును. అయినను కొనువారు ఎక్కువగా వాడు రూపమును పేజీలో నుంచుట మేలు.

వైద్యులకు ఇంతకంటె సులభమైన మార్గమున్నది. గూగుల్ పటముపై తమ పేరు, చిరునామా, పనివేళలు రుసుము లేకుండ నమోదు చేసికొని, అన్నిచోట్లను అవే వివరములు వ్రాసిన చాలును. న్యాయవాదులు జాగ్రత్తగా నుండవలెను. వారు ప్రకటనలు చేసికొనరాదు. బార్ కౌన్సిల్ 2008లో నియమమును సవరించి, పేరు, చిరునామా, అర్హతలు మొదలగు కొన్ని వివరములను మాత్రమే వెబ్‌సైటులో నుంచుటకు అనుమతించినది.

అడ్డదారులు త్రొక్కినవారును గలరు. తెల్లని పుటపై తెల్లని యక్షరములతో ఒకే మాటను నూరుసార్లు వ్రాసిరి. లింకులను రొక్కమిచ్చి కొనిరి. గూగుల్ 2011లో పసలేని పేజీలను, 2012లో దొంగలింకులను పట్టు మార్పులు చేసి, అట్టివారిని వెనుకకు నెట్టినది. "వారములో మొదటి స్థానము మాది పూచీ" అని సొమ్ము గుంజువారిని నమ్మరాదు. అట్టి పూచీ ఎవరును ఈయలేరని గూగులే చెప్పుచున్నది. సొమ్ము చెల్లించినచో ప్రకటన పైన కనబడును గాని అది ప్రకటన యను గుర్తుతోనే కనబడును.

దిద్దిన పేజీ ఫలము కనబడుటకు కొన్ని నెలలు పట్టవచ్చును. ఈలోగా వర్తకుడు వ్రాయదగినది చాల నున్నది. ఈ గుడ్డకు ఎంత నూలు పట్టినది, ఎన్ని దినములు అల్లిరి, ఎట్లు ఉతుకవలెను, ఏ గ్రామమున అల్లినది: తిరిగి అమ్ము దుకాణదారునికి ఇవి తెలియవు. ఇవన్నియు ధరతో సహా పేజీలో చేరినచో, ఆ గుడ్డను అల్లిన స్త్రీ కుమార్తె తన ఫోనులో దానిని వెదకి తీసి, అది ఎంతకు అమ్ముడగుచున్నదో తల్లికి చదివి వినిపింపగలదు.