సంఘపెద్దగా నేర్చుకున్నవి

ఒంగోలు పక్క పల్లెలో, బాప్టిస్టు సంఘంలో పెరిగినవాణ్ణి. పాపం, తీర్పు, రక్షణ అనే మాటలు ఊహ తెలిసిన నాటి నుంచీ వింటూనే ఉన్నాను. వాటి బరువు తెలిసింది మాత్రం తల నెరిశాకే. వయసులో ఉన్న మీకు ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

1. పాపం ముందుగా పక్కవాడిలోనే కనిపిస్తుంది.

సారా, పేకాట, చుట్ట, సినిమా. వయసులో నాకు తెలిసిన పాపాలు ఇవే. ఇవేవీ నాకు లేవు కాబట్టి నీతిమంతుణ్ణనుకున్నాను. యేసు చెప్పిన ఉపమానంలో, దేవాలయంలో ప్రార్థించిన పరిసయ్యుడు, సుంకరి గురించి ఎన్నోసార్లు వాక్యం చెప్పాను. చెప్పింది సుంకరి పక్షాన, బతికింది పరిసయ్యుడిలా. పాపమంటే చెడ్డ అలవాటు ఒక్కటే కాదు నాయనా, దేవుణ్ణి పక్కకు నెట్టి నా మాటే చెల్లాలనుకునే మనసు. ఆ మనసు ఇస్త్రీ బట్టలు కట్టుకుని గుడికి వస్తుంది, ముందు వరుసలో కూర్చుంటుంది.

2. తీర్పు మనకు అప్పగించిన పని కాదు.

మా సంఘంలో ఒకమ్మాయి అన్యమతస్థుణ్ణి పెళ్లి చేసుకుంది. పెద్దలం కూర్చుని ఆమెను ప్రభువు బల్ల నుంచి ఆపేశాం. రిజిస్టరులో ఆ మాట రాసింది నేనే. సంస్కారపు ఆదివారాల్లో ఆమె గుడిలో వెనకగా చాప మీద చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. రొట్టె పళ్లెంతో వరుసల వెంట నడుస్తూ, ఆమె దగ్గరికొచ్చేసరికి పళ్లెం అవతలి చేతికి మార్చుకుని ముందుకు సాగేవాణ్ణి. ఆమె తలెత్తేది కాదు. బిడ్డ మాత్రం పళ్లెం కోసం చెయ్యి చాపేది. కొన్నాళ్లకు ఆమె రావడం మానేసింది.

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో మనుష్యకుమారుడు సింహాసనం మీద కూర్చుని వేటి గురించి తీర్పు తీరుస్తాడో అప్పుడు నేను సరిగ్గా చదవలేదు. ఆకలిగొన్నవాడికి అన్నం, దప్పిగొన్నవాడికి నీళ్లు, పరదేశికి చోటు, రోగికీ ఖైదీకీ పరామర్శ. ఆయన అడిగేది వీటినే. తీర్పు దినం ఉందనే నమ్ముతాను. బీదవాణ్ణి దోచుకున్నవాడు ఎక్కడా జవాబు చెప్పక్కర్లేకపోతే దేవుడు న్యాయవంతుడని ఎలా అనగలం? కాని ఆ తీర్పు తీర్చేవాడు మన కోసం సిలువ మోసినవాడు. ఆ సంగతి దాచిపెట్టి, నరకం ఒక్కటే చూపించి, పిల్లల్ని భయపెట్టాను.

3. రక్షణ కూలి కాదు.

1876-78 కరువులో మా ప్రాంతం అల్లాడిపోయింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని జనానికి పని చూపించారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో చాలామంది ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మాదిగ పేటల వాళ్లు. కాలువ పనికి కూలి లెక్కగట్టి ఇచ్చారు. ఏటి దగ్గర దొరికినదానికి లెక్క లేదు, అది ఉచితం. ఆ ఉచితం మీదే నిలబడ్డ సంఘంలో, ఎవరికి అర్హత ఉంది, ఎవరికి లేదు అని మేం లెక్కలు వేశాం. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే.

4. కృప దొరికినవాడు బాకీ తీర్చాలి.

యేసు తన ఇంటికి వచ్చాడు కదా అని సువార్తలోని సుంకరి జక్కయ్య ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. రక్షణ కొనుక్కోవడానికి కాదు, కృప అప్పటికే తన ఇంట అడుగుపెట్టింది కాబట్టి. ఆలస్యంగానైనా ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి, తప్పు నాదని ఆమె భర్త ముందే చెప్పాను. కూర్చోమని మంచినీళ్లిచ్చింది. ఇప్పుడు వేరే సంఘానికి వెళుతోందట. రిజిస్టరులో నేను రాసిన మాట కొట్టేయాలని, అలా ఆపేసిన మిగతా వాళ్లందరి ఇళ్లకూ పెద్దలే వెళ్లాలని కమిటీలో అడుగుతున్నాను. ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే మీటింగులోనూ అడుగుతాను.