కంప్యూటరు పెట్టెలో గాలి నడక

గత వేసవిలో మన పాఠశాల కంప్యూటరు గదియందు పదవ తరగతి బాలుడొకడు రెండు గంటలు శ్రమించి వ్రాసికొన్న ప్రోగ్రాము, భద్రపఱచుకొనక మునుపే యంత్రము తనంత తానాగిపోవుటచేత నశించినది. పరీక్ష మఱి నాలుగు దినములే యుండెను. ఆ బాలుని ముఖము చూచి మేమా పెట్టెను విప్పితిమి. నాటినుండి తెలిసికొన్నదానిని, మేము చేసిన పొరపాటుతోగూడ, ఇచట వ్రాయుచున్నాము.

కంప్యూటరు పుచ్చుకొను విద్యుచ్ఛక్తి యంతయు తుదకు వేడిమిగనే మారునని విద్యార్థులు మొదట గ్రహింపవలెను. సామాన్యమైన ప్రోసెసరు 65 వాట్లు తీసికొనును. పెద్ద గ్రాఫిక్సు కార్డు 200 వాట్లు మించుటయు కలదు. నేటి ప్రోసెసర్లు పెక్కింటికి 95 మొదలు 100 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు హద్దు ఏర్పఱచియున్నారు. ఆ హద్దును సమీపించినప్పుడు అవి తమ వేగమును తామే తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనిచో యంత్రమాగిపోవును. మధ్యాహ్నవేళ కంప్యూటరు మందగించినచో అది ముసలిదైనదని తలంచి క్రొత్తదానికై తొందరపడనక్కఱలేదు.

ప్రోసెసరుపైనుండు లోహపు రేకుల దిమ్మెయు, దాని ఫ్యానును ఆ వేడిని తీసి పెట్టెలోని గాలికప్పగించును. వాని పని యంతటితో సరి. ఆ గాలిని వెలుపలికి పంపి క్రొత్తగాలిని తెచ్చుట పెట్టెకు బిగించిన ఫ్యానుల పని. మన మండువా యిండ్లలో వీధివాకిలియు పెరటివాకిలియు ఎదురెదురుగా నుంచెడివారు. రెండును తెఱచిననే ఇంట గాలి యాడును. వీధి తలుపొక్కటే తెఱచి, పెరటి తలుపు మూసి, గాలి రాలేదని విసుగుకొన్న ప్రయోజనమేమి?

మా పొరపాటిది. ఆ పెట్టెలో వెనుక నొక్క ఫ్యానే యుండెను. రెండు ఫ్యానులు కొని తెచ్చి ముందొకటి, పైన నొకటి బిగించితిమి. చప్పుడు హెచ్చెను, వేడి తగ్గుటకు మాఱుగా నాలుగైదు డిగ్రీలు పెరిగెను. అంగడివాడు ప్రోసెసరే చెడినదని చెప్పగా మేమును నమ్మితిమి. కాని ముందువైపు జాలికడ ఒక సన్నని నూలుపోగును పట్టి చూడగా అది లోనికి పోక మా వైపే యెగిరెను. ముందరి ఫ్యానును వెనుక ముందుగా బిగించితిమి! మూడును గాలిని బయటకే త్రోయుచుండ, లోనికి తెచ్చునది లేక, గాలి సందులగుండ దుమ్ముతోగూడ దూఱుచుండెను.

ఫ్యాను దిశ తెలిసికొనుట సులభము. ఱెక్కలు తేటగా కనబడు ముఖమునుండి గాలి ప్రవేశించి, మోటారును పట్టియుంచు కమ్మీలున్న వైపున వెడలును. కొన్నింటి చట్రముపై బాణపు గుర్తులు కూడ నుండును. మేము ముందరిదానిని త్రిప్పి బిగింపగనే వేడి దిగినది. పిమ్మట పైభాగమున ముందుకొసకు బిగించినదానిని తీసివేయగా మఱికొంత దిగినది. ముందునుండి అప్పుడే వచ్చిన చల్లగాలిని, అది ప్రోసెసరును చేరక మునుపే, ఆ ఫ్యాను పైకి లాగివేయుచుండెను. వచ్చిన చుట్టము కాళ్లు కడుగుకొనకయే వాకిటనుండి మరలిపోయినట్లు! పైన ఫ్యాను కావలెనన్న వెనుకకొసను బిగింపవలెను. ప్రోసెసరు దిమ్మె నిలువుగానున్నచో దాని ఫ్యానును గాలిని ముందునుండి వెనుకకే త్రోయవలెను.

ఇక లెక్క చూతము. ఒక ఘనమీటరు గాలిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఇంచుమించు 1200 జౌళ్లు కావలెను. యంత్రము 200 వాట్ల వేడి నిచ్చుచుండగా నిమిషమునకొక ఘనమీటరు గాలి పెట్టెగుండ నడచినచో, ఆ గాలి 10 డిగ్రీలు వేడెక్కి వెడలును. రెండు ఘనమీటర్లు నడచినచో 5 డిగ్రీలు. మూడైనచో మూడుంబావు కంటె కొంచెము హెచ్చు. మొదటి మెట్టున లాభము 5 డిగ్రీలు, రెండవ మెట్టున రెండు డిగ్రీలకు లోపు. కావున ఫ్యానులను పెంచుకొనుచు పోవుట డబ్బు దండుగ. లోనికొకటి, వెలుపలికొకటి సరిగా నున్న, పాఠశాల యంత్రమునకు చాలును.

ఎన్ని ఫ్యానులున్నను పెట్టెలోని గాలి గదిలోని గాలికంటె చల్లబడదు. పల్నాటి రెంటచింతలవంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు దాటు దినములు కలవు. అచట పెట్టెలోనికి పోవు గాలియే 45. నెత్తిపై ఫ్యాను తిరిగినప్పుడు మనకు హాయిగా నుండుట చెమట ఆఱుటవలన. యంత్రమునకు చెమట పట్టదు గదా!

వేడిగాలి పైకెగయును గనుక అంతయు దానంతటదే జరుగునని కొందఱు విద్యార్థులు మాతో వాదించిరి. ఎగయుట నిజమే గాని ఆ బలము మిక్కిలి స్వల్పము. చిన్న ఫ్యాను కూడ దానిని సులువుగా జయించును. పెద్ద సంస్థలును ఈ విషయమున తడబడినవి. 1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఏటీఎక్స్ నమూనాలో పవరు సప్లై ఫ్యాను బయటిగాలిని లోనికి తెచ్చి ప్రోసెసరుపై విసరునట్లు తొలుత తలపెట్టిరి. ఆ గాలి పవరు సప్లై వేడిని మోసికొనియే ప్రోసెసరును చేరుచుండుటచే, తరువాత దానిని వెలుపలికి త్రిప్పిరి. మేము త్రిప్పినదియు నిట్టిదే యని మాకు కొంత ఊఱట!

దుమ్ము సంగతి. లోనికి తెచ్చు గాలి, పంపు గాలికంటె కొంచెము హెచ్చుగా నున్నచో సందులగుండ గాలి బయటికే పోవును. దుమ్ము ముందరి జాలివద్దనే నిలుచును. ఆ జాలిని నెలకొకసారి కడిగి, ఆఱిన పిదపనే పెట్టవలెను. లోపల తుడుచునప్పుడు ప్లగ్గు తీసి, ఊదుగాలికి ఱెక్కలు విపరీతముగా తిరుగకుండ వ్రేలితో పట్టుకొనవలెను. ప్రక్కరేకును తీసివేసి యంత్రము నడపుట మన గదిలో అలవాటై యున్నది. రేకు తీయగనే వేడి బాగుగా తగ్గినచో, మూసియున్నప్పుడు గాలికి దారి లేదని దాని యర్థము. ఆ దారిని సరిచేసి రేకును మరల బిగింపుడు.

ఆ గదిలో పెట్టెల వెనుకభాగములు గోడకానుకొని యుండెను. మేము బల్లలన్నింటిని గోడనుండి జానెడు దూరము జరిపించితిమి. ఆ బాలుడు మూడవ దినమున ప్రోగ్రామును మరల వ్రాసి ముగించెను. ఈసారి పది నిమిషములకొకమాఱు భద్రపఱచుకొనుచు.